మోటార్‌హోమ్‌తో ఊటీకి: కల్లట్టి, గూడలూరు, కూనూరు, కోత్తగిరి… ఏ ఘాటు మేలు?

తీర్పు ముందే చెప్పేస్తాం, కారణాలు తర్వాత. బెంగుళూరు నుంచి మోటార్‌హోమ్‌లో ఊటీ వెళ్తుంటే గూడలూరు మీదుగా ఎక్కండి, గూడలూరు మీదుగానే దిగండి. బందీపూర్ దాటాక తెప్పకాడు కూడలిలో ఎడమకు తిరిగితే మసినగుడి, కల్లట్టి ఘాటు మీదుగా ఊటీ సుమారు 37 కిలోమీటర్లు. గూడలూరు వైపు వెళ్తే దాదాపు 67. ఫోన్లో మ్యాపు ఆ ముప్ఫై కిలోమీటర్లు మిగల్చాలనే చూస్తుంది. కారుకైతే పరవాలేదు. మంచాలు, వంటగట్టు, నీళ్ల ట్యాంకు, బ్యాటరీలు మోసుకుంటూ నాలుగు టన్నుల దాకా తూగే బండికి ఆ మిగులు గిట్టుబాటు కాదు.

మనవాళ్లలో చాలామంది ఘాట్ రోడ్డు నేర్చుకున్నది తిరుమల కొండ మీద. ఆ ధీమాతోనే నీలగిరికి బయల్దేరతారు. తిరుమలలో ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు. 1944 నాటి పాత ఘాటు దిగడానికి, 1974లో వేసింది ఎక్కడానికి. మలుపులో రోడ్డు మొత్తం మనదే, ఎదురు బండి రాదు. నీలగిరిలో అదే మలుపులో బస్సు ఎదురొస్తుంది. ఐతే తిరుమల నుంచి తెచ్చుకోదగ్గ పాఠం ఒకటుంది. అక్కడ ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి కనీసం 40 నిమిషాలు తీసుకోవాలని లెక్క పెట్టారు. దిగేటప్పుడే నిదానం ఎక్కువ కావాలన్న సంగతి ఆ లెక్కలోనే ఉంది.

కల్లట్టి ఘాటు

మసినగుడి దాదాపు 1,000 మీటర్ల ఎత్తున ఉంది, ఊటీ 2,240 మీటర్లు. ఈ ఎత్తులో ఎక్కువ భాగం సుమారు 12 కిలోమీటర్ల ఘాటులోనే ఎక్కేయాలి. అంటే ప్రతి 100 మీటర్లకు సగటున 9 మీటర్ల దాకా. 36 హెయిర్‌పిన్ మలుపులు, అంటే యూ ఆకారంలో వెనక్కి తిరిగేవి, ఒక్కోదానికి నంబరు బోర్డు. మలుపులో లోపలి అంచు ఈ సగటు కంటే చాలా నిటారుగా ఉంటుంది. మనం రోడ్డుకు ఎడమ పక్కన నడుస్తాం కాబట్టి ఎడమకు తిరిగే హెయిర్‌పిన్‌లో ఆ నిటారు అంచే మన వాటాకు వస్తుంది. పొడుగు బండి అక్కడ మొదటి గేరులో కూడా గునుస్తుంది. వెడల్పుగా తిప్పుదామంటే ఎదుటివాడి దారిలోకి వెళ్లాలి.

దిగడం గురించైతే చర్చే అక్కర్లేదు. వరస ప్రమాదాల తర్వాత, ఊటీ నుంచి కల్లట్టి మీదుగా కిందికి నీలగిరి రిజిస్ట్రేషన్ ఉన్న టీఎన్ 43 బండ్లను మాత్రమే వదులుతున్నారు. కర్ణాటక (కేఏ) నంబరు బండిని పోలీసులు వెనక్కి తిప్పుతారు. అలా తిప్పించుకున్నాక గూడలూరు దారి పట్టి, బందీపూర్ అడవి గేటు రాత్రికి మూసేలోపు చేరాలని తొందరపడితే అది ఇంకో ప్రమాదానికి దారి.

గూడలూరు ఘాటు

ఎక్కాల్సిన ఎత్తు ఇంచుమించు అంతే, కానీ అది 50 కిలోమీటర్లలో పరుచుకుని ఉంటుంది. అసలు ఎక్కుడు గూడలూరు నుంచి నడువట్టం దాకా. ఆపైన పైకారా దాటి ఊటీ వరకు ఎత్తుపల్లాలే. మలుపులు చాలానే ఉన్నాయి, కానీ బెంగుళూరు, మైసూరు నుంచి ఊటీ వెళ్లే పెద్ద బస్సులు ఈ దారినే నడుస్తాయి. కొత్త ఘాటు దేనికైనా మా కొలబద్ద ఇదే: పన్నెండు మీటర్ల బస్సు రోజూ తిరిగే మలుపులో ఆరేడు మీటర్ల మోటార్‌హోమ్ తిరుగుతుంది. మినీ బస్సు మాత్రమే నడిచే దారి ఐతే దిగి చూడనిదే వెళ్లొద్దు.

దీని లోపం వాన. నైరుతి రుతుపవనం నేరుగా తగిలేది ఈ పడమటి వాలుకే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా కుండపోత, పొగమంచు, విరిగిపడే కొమ్మలు. ఆ నెలల్లో ఇక్కడ పగటిపూట ప్రయాణం తప్ప వేరే ఆలోచన పెట్టుకోకండి.

కూనూరు, కోత్తగిరి

ఇవి రెండూ మెట్టుపాళయం నుంచి ఎక్కే తూర్పు దారులు. చెన్నై నుంచి వచ్చేవాళ్లకు సహజమైన దారి ఇదే. సేలం, అవినాశి మీదుగా మెట్టుపాళయం చేరతారు. బెంగుళూరు నుంచి ఇలా వస్తే మొత్తం సుమారు 400 కిలోమీటర్లు. మైసూరు దారి కంటే నూరు పైన ఎక్కువ, కానీ అడవి గేట్ల గొడవ లేదు. ఒక్క హెచ్చరిక: ధర్మపురి దాటాక తొప్పూరు ఘాటులో దిగుడు ఉంది. జాతీయ రహదారే కదా అని టాప్ గేరులో వదిలేస్తారు. బ్రేకులు పోయిన లారీలు వెనక నుంచి గుద్దే చోటు అది. ఎడమ వరసలో, మూడో గేరులో, అద్దాలు చూసుకుంటూ దిగండి.

మెట్టుపాళయం సముద్రమట్టానికి 325 మీటర్లే. కూనూరు 1,850. ముప్ఫైమూడు కిలోమీటర్లలో 1,500 మీటర్లు ఎక్కాలి. వాలు కల్లట్టిలో సగమే, కానీ మొత్తం ఎత్తు ఎక్కువ కాబట్టి ఇంజన్ వేడి మీద కన్నేసి ఉంచాలి. హెయిర్‌పిన్‌లు 14, రోడ్డు వెడల్పు. కోత్తగిరి దారిలో రద్దీ తక్కువ, కానీ రోడ్డు అంత వెడల్పు కాదు. మే నెల సీజనులో పోలీసులు కూనూరు మీదుగా ఎక్కించి, కోత్తగిరి మీదుగా దింపడం మామూలు. నిజానికి మోటార్‌హోమ్‌కి అంతకంటే సుఖం లేదు, తిరుమలలోలాగా ఎదురు బండి బెడద తప్పుతుంది.

తూర్పు వాలుకు గండం అక్టోబరు నుంచి డిసెంబరు, అంటే ఈశాన్య రుతుపవనం. 2009 నవంబరులో కొండచరియలు విరిగి ఈ దారులు తెగిపోయాయి. కాబట్టి చెన్నైవాళ్లు వేసవిలో కూనూరు మీదుగా, కార్తీకమాసంలో ఐతే వాతావరణ సూచన చూసుకుని రావాలి.

పొట్టి బండా, పొడుగు బండా

మన దగ్గర మోటార్‌హోమ్‌లు చాలావరకు ఫోర్స్ ట్రావెలర్ మీద కట్టినవే. 3350, 4020 అనే పేర్లు వీల్‌బేస్, అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరం, మిల్లీమీటర్లలో. మొదటిది ఆరు మీటర్లకు కాస్త అటూ ఇటూ, రెండోది దాదాపు ఏడు. కొండకు 3350 తీసుకోండి. లోపల ఒక మంచం తగ్గుతుంది, ఒక్క తిప్పులో మలుపు తిరుగుతుంది. 4020 లో మరో చిక్కు, వెనక చక్రాల తర్వాత బయటికి ఉన్న భాగం. స్టీరింగు పూర్తిగా ఎడమకు కొడితే తోక కుడికి ఊగుతుంది. పల్లం నుంచి మలుపులోకి ఎక్కేటప్పుడు అదే తోక, దాని కింద వేలాడే మురికినీళ్ల గొట్టంతో సహా, తారును గీసుకుంటుంది. అద్దెకు తీసుకునే ముందు వెనక బంపరు కింద చూడండి. గీతలు కనిపిస్తే ఆ బండి ఇదివరకే కొండ చూసిందన్నమాట.

నెత్తిన ఏసీ, సోలార్ పలకలు ఉంటే ఎత్తు మూడు మీటర్లకు చేరువౌతుంది. కొండ వైపుకు బాగా వాలిన రోడ్డులో పై మూల రాతిని ముందు తాకుతుంది, చక్రం కాదు. పికప్ మీద కట్టిన చిన్న క్యాంపర్ ఐతే ఈ బాధలన్నీ సగం. ఇద్దరికే చాలుతుంది, అంతే. కారు వెనక లాగే క్యారవాన్‌ను మాత్రం ఈ నాలుగు ఘాట్లలో దేనికీ తేవద్దు. మలుపులో వెనక్కి తీయాల్సి వస్తే అది అడ్డంగా మడుచుకుపోతుంది.

దిగేటప్పుడు ఏం జరుగుతుంది

నాలుగు టన్నుల బండి 1,200 మీటర్లు కిందికి దిగితే సుమారు 13 యూనిట్ల కరెంటుకు సమానమైన శక్తి ఎక్కడో ఒకచోట ఖర్చు కావాలి. నలభై నిమిషాల్లో దిగారంటే, మూడు కిలోవాట్ల గీజర్లు ఆరేడు ఏకబిగిన వేసినట్టు. గాలి, టైర్లు కొంత మింగుతాయి. మిగతాది ఇంజన్ మింగాలి, లేదంటే బ్రేకులు మింగాలి. కాలు బ్రేకు మీద తేలిగ్గా ఆనించి ఉంచేవాళ్లు ఆ వేడంతా డ్రమ్ములకూ డిస్కులకూ పంపిస్తారు. అరగంటలో లైనింగు పట్టు తప్పుతుంది, గట్టిగా తొక్కినా బండి ఆగదు. బ్రేకు పోయే రెండో తీరు ఇంకా మోసం: బ్రేకు ఆయిలు మరిగి బుడగలు వస్తాయి, పెడల్ స్పాంజిలా మెత్తగా కిందికి పోతుంది. డాట్ 4 రకం బ్రేకు ఆయిలు కొత్తదైతే 230 డిగ్రీల పైనే మరుగుతుంది. గాలిలో తేమ పీల్చుకుని పాతబడే కొద్దీ ఆ హద్దు 155 దాకా జారుతుంది. రెండేళ్లుగా మార్చని ఆయిలుతో కొండ దిగకండి.

పద్ధతి ఇది. మలుపుల వరస మొదలవకముందే గేరు దించాలి, వేగం పుంజుకున్నాక దించుదామంటే పడదు. నిటారు చోట్ల రెండో గేరు, హెయిర్‌పిన్‌లో అవసరమైతే మొదటిది. యాక్సిలరేటరు మీద కాలు తీసేసి ఇంజన్‌ను గుంయ్యిమననివ్వండి, ఆ మోత మంచిదే. వేగం 30 దాటితే ఒకసారి గట్టిగా తొక్కి 20కి దించి పూర్తిగా వదిలేయండి. వదిలిన ఆ కాసేపట్లోనే బ్రేకు చల్లబడేది. డీజిలు ఆదా అని న్యూట్రల్ కొట్టారా, ఇంజన్ పట్టు పోయి భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. ఇంజనే ఆపారా, కాలి బలాన్ని పెంచే బ్రేకు బూస్టరుకు వాక్యూమ్ అందదు, పవర్ స్టీరింగు బిగుసుకుంటుంది. ఆటోమేటిక్ ఐతే డీ లో వదలకుండా చేతి గేరులో రెండు పెట్టుకోండి.

కాలిన వాసన వచ్చిందంటే వెడల్పైన చోటు చూసి ఆపండి. మొదటి గేరులో ఉంచి, చక్రాలకు చెక్కదిమ్మలు పెట్టండి. మండుతున్న డ్రమ్ముల మీద హ్యాండ్‌బ్రేకు బిగిస్తే పట్టుకుపోతుంది. నీళ్లు పోస్తే పగులుతుంది. అరగంట టీ తాగడమే మందు.

ఎక్కేటప్పుడు

ఇక్కడ పోయేది క్లచ్. వాలులో అర క్లచ్ మీద బండిని నిలబెడితే రెండు నిమిషాల్లో ప్లేటు కాలిన కాగితం వాసన వేస్తుంది. హ్యాండ్‌బ్రేకు మీద ఆపి, ఇంజన్ పట్టాకే వదలండి. ముందు బండికి కనీసం పది మీటర్ల దూరం ఉంచి, అది మలుపు తిరిగేశాకే మీరు మొదలెట్టండి. సగంలో ఆగితే తిరిగి కదలడం కష్టం. ఎక్కే బండికే దారి ఇవ్వాలన్నది నియమం, కానీ మలుపు బయట ఆగి బస్సును పోనివ్వడం తెలివి. వేడి ముల్లు పైకి పోతే ఏసీ కట్టేయండి, ఆపాల్సి వస్తే ఇంజన్ తిరుగుతూనే ఉండనివ్వండి. రేడియేటరు మూత ముట్టుకోవద్దు.

నూరు లీటర్ల నీళ్లంటే నూరు కిలోలు. గుండ్లుపేటలో ట్యాంకు నింపుకుని కొండెక్కించడం వృథా. ఇరవై, ముప్ఫై లీటర్లు చాలు, మిగతాది పైన పట్టుకోవచ్చు. సగం నిండిన పెద్ద ట్యాంకు మలుపుల్లో ఊగి బండిని లాగుతుంది. గ్యాసు సిలిండరు దగ్గర కట్టేయాలి, స్టవ్ నాబ్ కట్టేస్తే చాలదు. కుక్కరు, ఇనుప పెనం అలమర పైఅరలో కాకుండా నేల అరలో పెట్టండి.

గేట్లు, పాసులు

బందీపూర్, ముదుమలై అడవి దారి రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. మధ్యలో ఆపడం, దిగడం నిషేధం, కాబట్టి ఎక్కడ నచ్చితే అక్కడ పడుకోవచ్చన్న మోటార్‌హోమ్ కల ఇక్కడ చెల్లదు. బెంగుళూరు నుంచి తెల్లవారుజామున 4 గంటలకు బయల్దేరితే ఎండ ముదరకముందే గుండ్లుపేట దాటతారు. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి నీలగిరికి ఈ-పాస్ (ఆన్‌లైన్ అనుమతి) కావాలి. పసుపు బోర్డు (అద్దెకు తిప్పే) బండి ఐతే తమిళనాడు పన్ను కట్టిన రసీదు కూడా దగ్గరుంచుకోండి.

ఐదో దారి

పెద్దవాళ్లు ఉన్నా, డ్రైవరుకు కొండ అలవాటు లేకపోయినా, 4020 తప్ప వేరే దొరక్కపోయినా, బండిని మెట్టుపాళయంలో మంచి హోటలు ఆవరణలో పెట్టి రైలెక్కండి. 1908లో ఊటీ దాకా చేరిన ఆ మీటర్‌గేజి లైను 46 కిలోమీటర్లు. కల్లారు, కూనూరు మధ్య 12 అడుగులకు ఒక అడుగు ఎత్తే ఎక్కుడులో ఇనుప చక్రం కూడా జారుతుందని పట్టాల మధ్య రంపంలా పళ్లున్న ఇనుప పట్టీ వేశారు, ఇంజన్ పళ్లచక్రం దాన్ని పట్టుకుని ఎక్కుతుంది. పొద్దున 7 గంటల పది నిమిషాలకు బయల్దేరి మధ్యాహ్నానికి ఊటీ చేరుస్తుంది. టికెట్లు ముందే అయిపోతాయి. దొరక్కపోతే బస్టాండు నుంచి కూనూరు బస్సులు రోజంతా ఉంటాయి.