చెవిలో మెంటరా, గీత బయట మెంటరా? కుర్ర రెఫరీలకు ఏది మేలు

మా అమ్మాయి మొదటిసారి మైదానం మధ్యలో నిలబడి విజిల్ ఊదిన రోజు నాకు ఇంకా కళ్లకు కట్టినట్టుంది. డాలస్ పక్కన ఫ్రిస్కోలో, శనివారం పొద్దున ఎనిమిదింటికి, పదేళ్లలోపు పిల్లల ఫుట్‌బాల్ మ్యాచ్. తనకి 13 ఏళ్లు నిండి నాలుగు నెలలయింది. పసుపు చొక్కా మీద కొత్త బ్యాడ్జి. రెండో నిమిషంలోనే బంతి గీత దాటింది. త్రో-ఇన్ ఎవరిదో చూపించడానికి చెయ్యి సగం లేపి ఆగిపోయింది. రెండు జట్ల తల్లిదండ్రులూ చెరో దిక్కు చూపిస్తూ కేకలు వేస్తున్నారు. తను నా వైపు చూసింది. నాకు నోరు పెగల్లేదు. చివరికి తనే ఏదో ఒక వైపు చూపించింది, ఆట సాగింది.

ఆ తర్వాత నేనూ రెఫరీ కోర్సు చేశాను. నాలుగేళ్లుగా శని, ఆదివారాల్లో కొత్తగా వచ్చిన పిల్లలకు మెంటర్‌గా ఉంటున్నాను. ఇక్కడి తెలుగు తల్లిదండ్రులు తరచూ నన్నో ప్రశ్న అడుగుతారు: "మా వాడు కోర్సు పాసయ్యాడండీ, ఇప్పుడు ఎలా నేర్పిస్తే మంచిది?" ఇక్కడ మూడు పద్ధతులు నడుస్తున్నాయి. పిల్లాడి చెవిలో ఇయర్‌పీస్ పెట్టి మ్యాచ్ జరుగుతుండగానే బయటినుంచి చెప్పడం ఒకటి. గీత బయట నిలబడి చూసి, హాఫ్‌టైమ్‌లోనూ మ్యాచ్ అయ్యాకా మాట్లాడటం రెండోది. అనుభవమున్న రెఫరీ సెంటర్ (మైదానం మధ్యలో ప్రధాన రెఫరీ) చేస్తుంటే పిల్లాడికి జెండా ఇచ్చి లైన్ మీద పెట్టడం మూడోది. మూడింటిలోనూ మేలుంది. కానీ మొదటి సీజన్ పిల్లలకు మూడూ సమానం కావని నా గట్టి నమ్మకం.

ముందు కోర్సు సంగతి. యు.ఎస్. సాకర్ (అమెరికా ఫుట్‌బాల్ సంఘం) గ్రాస్‌రూట్స్ రెఫరీ, అంటే మొదటి మెట్టు రెఫరీ, కావాలంటే 13 ఏళ్లు నిండాలి. కొంత ఆన్‌లైన్‌లో, కొంత మైదానంలో నేర్పుతారు. ఆట నియమాలు 17. తెలివైన పిల్లలు వాటిని ఇట్టే పట్టేస్తారు. మన పిల్లలైతే పరీక్షలో తప్పే చెయ్యరు. నలభై ఏళ్ల మనిషి "ఏం చూస్తున్నావ్ రెఫ్!" అని అరిచినప్పుడు గుండె దడదడలాడకుండా ఎలా నిలబడాలో మాత్రం ఏ పాఠంలోనూ ఉండదు. పిల్లలు మానేసేది అక్కడే. నియమం తెలియక మానేసిన పిల్లాణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు.

పైగా ఇక్కడి ఏర్పాటే కాస్త తలకిందులుగా ఉంది. పదమూడేళ్లు పైబడినవాళ్లు పదకొండు మందితో ఆడే మ్యాచ్‌లకు ముగ్గురు రెఫరీలుంటారు. పదేళ్లలోపు పిల్లలు ఏడుగురేసి ఆడే మ్యాచ్‌కి చాలాచోట్ల ఒక్కరే ఉంటారు. కొత్త రెఫరీని పంపేది ఆ చిన్న మ్యాచ్‌లకే. అంటే అందరికంటే అనుభవం తక్కువున్న పిల్లవాడే అందరికంటే ఒంటరిగా నిలబడతాడు. ఆ మ్యాచ్ సులువు కూడా కాదు. దానికి వేరే నియమాలున్నాయి. గోల్‌కీపర్ చేతిలోంచి బంతిని గాల్లోకి తన్నకూడదు. ఎవరూ కావాలని తలతో కొట్టకూడదు. కీపర్ బంతి పట్టుకుంటే ఎదుటి జట్టు బిల్డ్-అవుట్ లైన్ (గోల్‌కీ మధ్య గీతకీ నడుమ గీసే గీత) వెనక్కి వెళ్లాలి. ఆఫ్‌సైడ్ (ఎదుటి డిఫెండర్ల కంటే గోల్‌కి దగ్గరగా నిలబడి బంతి అందుకునే తప్పు) కూడా మైదానం మధ్య గీత నుంచి కాదు, ఆ లైన్ నుంచే లెక్క. టీవీలో పెద్దవాళ్ల ఆట చూసి వచ్చిన తల్లిదండ్రుల్లో చాలామందికి ఇవేవీ తెలియవు. రెఫరీ సరిగ్గా విజిల్ వేసినా తిట్లు తప్పవు.

ఇయర్‌పీస్ అందుకే అంత ఆకర్షణీయంగా కనిపిస్తుంది. నేనూ మొదట దాన్నే నమ్మాను. ఒక టోర్నమెంట్‌లో ఒక అబ్బాయికి ఇయర్‌పీస్ పెట్టి, నేను మైక్ పట్టుకుని బయట నిలబడ్డాను. కీపర్ బంతిని గాల్లోకి తన్నాడు. ఏం చెయ్యాలో అబ్బాయికి తోచలేదు. "ఇన్‌డైరెక్ట్ ఫ్రీకిక్, చెయ్యి పైకెత్తే ఉంచు" అన్నాను. చేశాడు. ఆ తప్పు ఇక జన్మలో చెయ్యడు. ఒక తండ్రి అరుస్తుంటే "విన్నావు కదా, వదిలెయ్, బంతి చూడు" అన్నాను. వాడి భుజాలు కాస్త దిగాయి. ఇంత మేలు జరిగిందని ఒప్పుకోవాలి. బిడియస్థులైన పిల్లలకు చెవిలో తెలిసిన గొంతు ఉండటం ఎంత ధైర్యమో కళ్లారా చూశాను.

రెండో హాఫ్‌కి వచ్చేసరికి ఇంకోటి గమనించాను. ప్రతి నిర్ణయానికీ ముందు వాడు అరక్షణం ఆగుతున్నాడు. ఎదురుగా ఏం జరిగిందో చూసి కూడా, నా మాట కోసం ఆగుతున్నాడు. పదేళ్ల ఆటగాళ్లు కూడా అది పసిగట్టారు. విజిల్ పడేలోపే చేతులెత్తి అడగడం మొదలుపెట్టారు. అంతలో ఫార్వర్డ్‌ని వెనకనుంచి లాగారు. నేను అలవాటుగా "ఫౌల్" అన్నాను, వాడు విజిల్ వేశాడు. లాగినా పడిపోకుండా ఆ ఫార్వర్డ్ దూసుకెళ్లి గోల్ కొట్టాడు. విజిల్ పడ్డాక ఆట ఆగినట్టే, ఆ గోల్ చెల్లదు. అడ్వాంటేజ్ ఇవ్వాల్సిన, అంటే ఫౌల్ జరిగినా ఆట ఆపకుండా సాగనివ్వాల్సిన చోటు అది. వాడు ఇవ్వబోయాడని తర్వాత చెప్పాడు. తప్పు నాది. కోచ్ కేకలు మాత్రం వాడి మీద పడ్డాయి. నేను వెళ్లి ఆ నిర్ణయం నాదని కోచ్‌కి చెప్పాను. కానీ వాడి ముఖం అప్పటికే వాడిపోయింది.

ఆ రాత్రి ఐదో నియమం మళ్లీ చదివాను. నిర్ణయాలు రెఫరీ అభిప్రాయం మీద ఆధారపడతాయని అందులో స్పష్టంగా ఉంది. రెఫరీ వాడే మాటల పరికరాలు ఆ మ్యాచ్‌లోని ఇతర అధికారులతో మాట్లాడటానికని కూడా ఉంది. బయట నిలబడ్డ మెంటర్ మ్యాచ్ అధికారి కాదు. ఇది సాంకేతికమైన అభ్యంతరం అనుకోవచ్చు. నాకైతే అసలు విషయం అదే అనిపించింది. అంత పెద్ద మ్యాచ్‌ల్లో వీఏఆర్ (వీడియో చూసే సహాయ రెఫరీ) కూడా రెఫరీకి సలహా ఇస్తుందే తప్ప, ఆఖరి మాట మైదానంలో ఉన్న రెఫరీదే. పదమూడేళ్ల పిల్లకి ఆ ఒక్క హక్కూ తీసేసి ఇంకేం నేర్పుతాం?

మా ఊళ్లో మా బాబాయి దిగుడుబావిలో పిల్లలకి ఈత నేర్పేవాడు. నడుముకి తాడు కట్టి గట్టు మీద నిలబడేవాడు. తాడు బిగిస్తే పిల్లాడు కాళ్లూ చేతులూ ఆడించడం మానేస్తాడని, ఎప్పుడూ వదులుగానే పట్టుకునేవాడు. మునుగుతుంటే మాత్రం ఒక్క లాగుతో పైకి తెచ్చేవాడు.

గీత బయట నిలబడటం నాకు ఆ వదులు తాడులా అనిపిస్తుంది. ఇందులో మెంటర్ పని సులువని చాలామంది పొరబడతారు. కుర్చీ వేసుకుని చూడటం కాదది. నేను మైదానం మధ్య గీత దగ్గర, తల్లిదండ్రులు కూర్చునే వైపే నిలబడతాను. సగం గొడవ అక్కడే పుడుతుంది కాబట్టి. "ఏంటండీ, అది ఆఫ్‌సైడ్ కాదా?" అని ఎవరైనా అడిగితే బిల్డ్-అవుట్ లైన్ సంగతి మెల్లగా చెబుతాను. సగం కేకలు తెలియకపోవడం వల్లే వస్తాయి, చెప్తే ఆగిపోతాయి. మిగతా సగం మాటలతో ఆగవు. అప్పుడు "ఆ రెఫరీ వయసు పదమూడండీ" అంటాను. ఇంగ్లాండ్‌లో చాలా కౌంటీల్లో 18 ఏళ్లలోపు రెఫరీలకు రంగు ఆర్మ్‌బ్యాండ్ పెడతారు. చూడగానే పసివాడని తెలియడానికి. ఇక్కడ అన్ని లీగుల్లోనూ ఆ పద్ధతి వస్తే నాకెంతో సంతోషం.

హాఫ్‌టైమ్‌లో నా దగ్గర రెండే ప్రశ్నలు. "ఏ నిర్ణయం ఇంకా మనసులో తిరుగుతోంది?" "మళ్లీ అదే వస్తే ఏం చేస్తావు?" పిల్లలు తమ తప్పు తామే చెప్పేస్తారు. నేను చెప్పాల్సింది ఉంటే ఒక్కటే చెబుతాను, అదీ రెండో హాఫ్‌లో వెంటనే చేసి చూడగలిగేది. ఎక్కువసార్లు అది విజిలే. మెల్లగా ఊదితే రెఫరీకే నమ్మకం లేదని అందరూ అనుకుంటారు. కొన్నిసార్లు నిలబడే చోటు: బంతి వెనకే పరుగెత్తకుండా పక్కకి జరిగి, ఇద్దరు ఆటగాళ్ల మధ్య ఖాళీ కనిపించేలా నిలబడమంటాను. నోట్‌బుక్ చేతిలో పట్టుకోను. అది కనిపిస్తే పిల్లలకి పరీక్షలా టెన్షన్ మొదలవుతుంది. మార్కులు వేసేవాడూ మెంటరూ ఒకరే కాకూడదు.

దీని లోపాలు దాచను. తప్పు జరిగినప్పుడు ఆపలేం, హాఫ్ అంతా అదే తప్పు సాగవచ్చు. 25 నిమిషాల్లో ఒక పిల్ల మూడుసార్లు త్రో-ఇన్ తప్పుగా ఇస్తే, హాఫ్‌టైమ్‌కి కళ్లలో నీళ్లు తిరుగుతుంటాయి. అలాంటప్పుడు నియమాల మాట ఎత్తకుండా నీళ్ల సీసా అందించి ఊరుకున్న రోజులున్నాయి. ఇంకో చిక్కు మనుషుల కొరత. నాలుగు మైదానాలకి ఒక్క మెంటర్ ఉంటే అది మెంటరింగ్ కాదు, కాపలా కూడా కాదు.

కాపలా అని ఊరికే అనలేదు. 2013లో యూటా రాష్ట్రంలో యూత్ మ్యాచ్‌లో ఎల్లో కార్డ్ చూపించిన రికార్డో పోర్టిల్లో అనే రెఫరీని 17 ఏళ్ల ఆటగాడు గుద్దాడు. ఆయన వారం రోజుల తర్వాత చనిపోయాడు. అలాంటివి అరుదు. కానీ పార్కింగ్ దాకా వెంటపడి తిట్టే పెద్దవాళ్లు అరుదు కాదు. రెఫరీలను వేధిస్తే వేసే శిక్షల్ని యు.ఎస్. సాకర్ 2025 మార్చి నుంచి కఠినం చేసింది. మంచిదే, అయితే శిక్ష తర్వాత వచ్చేది. ఆ క్షణంలో పిల్లకీ కోచ్‌కీ మధ్య ఒక పెద్ద మనిషి నిలబడాలి. ఇయర్‌పీస్‌లోని గొంతు అలా నిలబడలేదు. నాకు గీత బయటి మెంటరే మేలనిపించడానికి అన్నిటికంటే పెద్ద కారణం ఇదే.

మూడో పద్ధతి, జెండా పట్టించడం, మొదటి రెండు మూడు మ్యాచ్‌లకు చాలా మంచిది. ఆఫ్‌సైడ్ లైన్‌తో కదలడం, జెండా ఎప్పుడు ఎత్తాలి, పెద్ద రెఫరీ కోచ్‌తో ఎలా మాట్లాడతాడు, ఇవన్నీ చూస్తూ వచ్చేస్తాయి. అదనంగా మనిషి కూడా అక్కర్లేదు. కానీ అక్కడే ఉండిపోతే పిల్లలకి అది హాయిగా ఉంటుంది. ఆఖరి మాట తనది కాదు కదా. రెండు సీజన్లు జెండాతోనే గడిపి, సెంటర్ అనగానే వణికిపోయే పిల్లల్ని చూశాను. వీడియో తీసి ఇంట్లో చూపించే పద్ధతి కూడా ఉంది. నిలబడే చోటు గురించి చెప్పడానికి తప్ప అది పెద్దగా ఉపయోగపడలేదు నాకు. పైగా ఇతరుల పిల్లలు కూడా అందులో ఉంటారు, అడక్కుండా తియ్యకూడదు.

కాబట్టి నన్నడిగితే ఇలా చెబుతాను. మొదటి రెండు మూడు మ్యాచ్‌లు జెండాతో. ఆ తర్వాత చిన్నపిల్లల మ్యాచ్‌లో సెంటర్, గీత బయట మెంటర్. ఒక సీజన్ మొత్తం అదే. మరీ బెదిరే పిల్లలైతే మొదటి సెంటర్‌లో మొదటి హాఫ్ వరకు ఇయర్‌పీస్ పెట్టవచ్చు. ఎక్కడ నిలబడాలి, ఆట ఎలా మొదలుపెట్టాలి, టైమ్ ఎంతయింది, ఈ మూడు మాటలకే. ఫౌలా కాదా అన్నది మాత్రం చెవిలో చెప్పకూడదు. రెండో హాఫ్‌కి తీసెయ్యాలి.

మన తల్లిదండ్రులకు రెండు మాటలు. మీ పిల్లలకి మీరే మెంటర్‌గా ఉండకండి. నేను ఉన్నాను, ఇంటికొచ్చేదాకా కారులో పాఠమే. మూడో వారం మా అమ్మాయి "నాన్నా, ఇవాళ మ్యాచ్ గురించి మాట్లాడొద్దు ప్లీజ్" అంది. తర్వాత వేరే మెంటర్‌తో మార్చుకున్నాను. ఆవిడ మా అమ్మాయిని చూసేది, నేను ఆవిడ కొడుకుని. మెంటర్ పంపే మెసేజ్‌ల్లో మీరూ ఉండేలా చూసుకోండి. పిల్లలతో పెద్దవాళ్లు ఒంటరిగా, గుట్టుగా మాట్లాడకూడదన్నది ఇక్కడి నియమం, మంచి మెంటర్ తనే మిమ్మల్ని కలుపుతాడు.

రెండోది, "ఆడటం రానివాళ్లే రెఫరీలవుతారు" అని ఫోన్‌లో చుట్టాలంటే పిల్లల ముందు నవ్వి ఊరుకోకండి. భారత ఫుట్‌బాల్ జట్టు కోచ్ హైదరాబాద్ రహీం గారి అబ్బాయి సయ్యద్ షాహిద్ హకీం 1960 రోమ్ ఒలింపిక్స్‌కి వెళ్లిన మన దేశ జట్టులో ఉన్నారు, తర్వాత ఫిఫా రెఫరీ అయ్యారు. ఆ సంగతి మీ పిల్లలకి తెలియాలి.

మొదటి మ్యాచ్ ఒప్పుకునే ముందు అసైనర్‌ని (రెఫరీలకు మ్యాచ్‌లు కేటాయించే వ్యక్తిని) ఒక్క విషయం అడగండి: "ఆ మైదానం దగ్గర మెంటర్ ఎవరుంటారు, మ్యాచ్ అయ్యేదాకా ఉంటారా?" సరైన జవాబు రాకపోతే ఇంకో వారం ఆగండి. మ్యాచ్‌లు ఎలాగూ దొరుకుతాయి.