అదనపు వారంటీ కొనాలా, చట్టం హామీ చాలా?

మెల్‌బోర్న్‌లోనో సిడ్నీలోనో కొత్త టీవీ కొంటుంటే, బిల్లు వేసేటప్పుడు అడుగుతారు: "ఇంకాస్త కడితే మూడేళ్ల అదనపు వారంటీ, తీసుకుంటారా?"

ఖర్చు: వారంటీకి విడిగా డబ్బు. ఆస్ట్రేలియా వినియోగదారుల చట్టం 2011 జనవరి 1 నుంచి ఇస్తున్న హామీలు ఉచితం.

గడువు: వారంటీకి తేదీ ఉంటుంది. చట్టం మాత్రం ఆ ధరకు అలాంటి వస్తువు సహేతుకంగా ఎంతకాలం నడవాలో చూస్తుంది. 2000 డాలర్ల టీవీలో 14వ నెలలో బొమ్మ ఆగిపోతే, "ఏడాది దాటిందండీ" అన్నంత మాత్రాన షాపు బాధ్యత తీరదు. హామీలు వర్తించవనే షరతు మీద మీరు సంతకం పెట్టినా 64వ సెక్షన్ కింద అది చెల్లదు. లోపం పెద్దదైతే డబ్బు వాపసా, కొత్తదా అన్నది మీ ఇష్టం. చిన్నదైతే ముందు రిపేరుకు అవకాశమివ్వాలి. "కంపెనీనే అడగండి" అని తప్పించుకోవడం కుదరదు.

శ్రమ: ఇక్కడ వారంటీదే పైచేయి, ఒక ఫోన్‌తో తేలితే. చట్టమంటే వాదించాలి, వినకపోతే విక్టోరియాలో వీక్యాట్ (ఇలాంటి తగాదాలు తేల్చే ట్రిబ్యునల్) దాకా వెళ్లాలి.

రిస్కు: పిల్లాడి బంతికి తెర పగిలితే చట్టం ఆదుకోదు.

అందుకే, చేయి జారే ఫోన్‌కైతే ప్రమాదాలు కవరవుతాయో లేదో చదివి వారంటీ తీసుకోండి. గోడకు బిగించే టీవీకి, ఫ్రిజ్‌కు నేనైతే బిల్లు దాచుకుని ఊరుకుంటాను.