ఒంటి మాట పేరునూ పేరుగా చదవనివ్వాలి: ఈమ్యాక్స్ మెయిల్‌లో ఒక సెట్టింగు మార్చి తొమ్మిదేళ్లు వాడాక

విశాఖపట్నంలోని ఒక ఇంజనీరింగు కళాశాలలో పాఠాలు చెబుతూ, విద్యార్థుల ఈమెయిళ్లన్నిటినీ తొమ్మిదేళ్లుగా ఈమ్యాక్స్ అనే టెక్స్ట్ ఎడిటరులో ఉండే గ్నస్ అనే మెయిల్ ప్రోగ్రాములోనే చదువుతున్నాను. గ్నస్ మంచిచెడ్డలన్నీ ఇక్కడ ఏకరువు పెట్టబోవడం లేదు. వచ్చిన ఉత్తరంలో పంపినవారి పేరూ చిరునామా ఉండే ఫ్రం వరుసలోంచి పంపినవారి పేరును విడదీసే పద్ధతి ఒక్కదాని గురించే రాస్తున్నాను, ఎందుకంటే మా ప్రాంతపు పేర్లకు అది చేసిన అన్యాయం చిన్నది కాదు, సరిదిద్దుకోవడం మాత్రం రెండు నిమిషాల పని.

గ్నస్‌లో ఈ పనికి రెండు ఫంక్షన్లు, అంటే పని చేసిపెట్టే చిన్న ప్రోగ్రాము ముక్కలు, సిద్ధంగా ఉంటాయి. డిఫాల్ట్‌గా పనిచేసేది వేగమైనదే కానీ మరీ సాదాసీదాదని గ్నస్ మాన్యువలే ఒప్పుకుంటుంది. రెండోది, అంటే మెయిల్-ఎక్స్‌ట్రాక్ట్-అడ్రస్-కాంపోనెంట్స్ అనేది, నెమ్మదిగా నడిచినా చాలా మెరుగ్గా పనిచేస్తుందని కూడా అక్కడే రాసి ఉంది. ఆ మాట నమ్మి మొదటి నెలలోనే రెండోదానికి మారాను. వేగం విషయంలో నాకు ఇబ్బంది ఎదురవలేదు. వేల ఉత్తరాలున్న పాత ఫోల్డరు తెరిచినప్పుడు కొద్దిగా ఆగుతుంది, అంతే.

అసలు చిక్కు పేర్ల దగ్గర మొదలైంది. ఉత్తరాంధ్రలో సింహాద్రి అప్పన్న పేరు మీద అప్పలరాజులు, అప్పలనాయుళ్లు, అప్పలనరసమ్మలు, అనకాపల్లి నూకాలమ్మ పేరు మీద నూకరాజులు, విజయనగరం పైడితల్లి పేరు మీద పైడిరాజులు ఊరూరా ఉంటారు. ఇంటిపేరు రికార్డుల్లో ఉంటుంది, హాజరు పట్టీలో ఉంటుంది. కానీ ఈమెయిలు ఖాతా తెరిచేటప్పుడు చాలామంది పిల్లలు తమను ఇంట్లో పిలిచే ఆ ఒక్క మాటనే పేరుగా రాస్తారు, చిరునామాలోనూ అదే మాట పెట్టుకుంటారు. నేను మారిన రెండో ఫంక్షను ఇలాంటి పేరును పేరుగా లెక్కించేది కాదు. పేరు ఒకే మాటగా ఉంటే దాన్ని వదిలేయాలనే సెట్టింగు ఒకటి, పేరూ చిరునామాలోని మొదటి భాగమూ ఒకటే అయితే వదిలేయాలనే సెట్టింగు మరొకటి, నేను వాడిన కూర్పులో రెండూ ముందే ఆన్ చేసి ఉండేవి. అందువల్ల జాబితాలో పేరుండాల్సిన చోట ఫ్రం వరుస మొత్తం వచ్చి పడి, గ్నస్ ఆ గడికి ఇచ్చే 23 అక్షరాల దగ్గర తెగిపోయేది. అలా తెగిన వరుసలు యంత్రాలు పంపే నోటీసుల్లా కనిపించేవి. గడువు పెంచమని ఒక విద్యార్థిని రాసిన ఉత్తరాన్ని అలాంటిదేననుకుని రెండు రోజులు తెరవలేదు. ఆ అమ్మాయి తరగతి బయట నిలబడి, "మెయిలు పెట్టానండి, మీరు చూడలేదేమో" అన్నప్పుడు నాకు చాలా బాధ కలిగింది.

ఆ సాయంత్రమే సెట్టింగుల వివరణ చదివాను. మొదటిదాని పేరు మెయిల్-ఎక్స్‌టర్-ఇగ్నోర్-సింగిల్-నేమ్స్. ఒంటి మాట పేరుకు ఆ వివరణలో ఇచ్చిన నమూనా చిరునామాలో, పేరుండే చోట, మందమతి అనే అర్థమున్న ఆంగ్ల పదం ఉంది. రాసినవారి ఉద్దేశం బహుశా మారుపేర్లతో ఉత్తరాలు రాసేవారిని పక్కన పెట్టడమే కావచ్చు. అయినా, కన్నవారు అమ్మవారికి మొక్కుకుని పెట్టిన పేరును అసలు పేరే కాదని తీర్మానించే నియమం డిఫాల్ట్‌గా ఉండకూడదని నా గట్టి అభిప్రాయం. కావాలనుకున్నవారు దాన్ని ఆన్ చేసుకోవచ్చు.

మార్చడానికి ఈమ్యాక్స్ సెట్టింగుల్లో మెయిల్-ఎక్స్‌టర్ అనే కస్టమైజ్ గ్రూపు తెరిచి ఆ రెండు సెట్టింగులనూ ఆఫ్ చేసి భద్రపరిస్తే చాలు. ఫోల్డరు మూసి మళ్లీ తెరవగానే నూకరాజు నూకరాజుగానే కనిపిస్తాడు. దీనికి నేను చెల్లించిన మూల్యం ఒకటుంది. ఇన్‌ఫో, అడ్మిన్, నోరిప్లై వంటి మాటలు కూడా ఇప్పుడు మనుషుల పేర్లలాగా జాబితాలో కూర్చుంటాయి. వాటికి, ఏ ఉత్తరానికి ఎంత ప్రాధాన్యమో గ్నస్‌కు చెప్పే స్కోరు ఫైలులో తక్కువ మార్కులు వేసి కిందికి పంపడం అలవాటు చేసుకున్నాను.

అదే గ్రూపులో, చిరునామాలోని అక్షరాలను చూసి పేరు మధ్యలో ఇనిషియల్ ఊహించి చేర్చే సెట్టింగు కూడా ఉంది. అది ముందే ఆఫ్‌లో ఉంటుంది, అలాగే ఉంచాలి; మన ఇనిషియల్ ఇంటిపేరుది, అది పేరుకు ముందుండాలి తప్ప మధ్యలో కాదు. ఇంకొకటి నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. పేరును శుభ్రం చేసే దశలో చేసే మార్పుల నుంచి జపాను లిపి పేర్లకు డిఫాల్ట్‌గానే మినహాయింపు ఉంది. ఎవరో తమ లిపి కోసం అడిగి చేర్పించుకుని ఉంటారనుకుంటాను. నేను నా దగ్గర ఆ మినహాయింపు సెట్టింగుకు తెలుగు అక్షరాల యూనికోడ్ శ్రేణిని (కంప్యూటరులో తెలుగు అక్షరాలకు కేటాయించిన సంకేతాల వరసను) జతచేశాను, అప్పటి నుంచి తెలుగులో పేరు రాసుకున్న పిల్లల పేర్లు ఒక్క అక్షరం కూడా చెదరకుండా వస్తున్నాయి.

జవాబు రాసేటప్పుడు "ఫలానావారు రాశారు" అనే వరుసను మనకు నచ్చినట్లు తీర్చుకునే వీలు కూడా ఉంది. అందులో మొదటి పేరు మాత్రమే వచ్చేలా పెడితే మన ఇంటిపేర్లు వస్తాయి, ఎందుకంటే కామా లేని పేరులో మొదటి మాటే వ్యక్తి పేరని అది అనుకుంటుంది. ఒకే ఇంటిపేరున్న నలుగురు ఒక బ్యాచిలో ఉన్న సంవత్సరం ఎవరికి జవాబిస్తున్నానో నాకే తికమకయింది. పూర్తి పేరు వచ్చేలా మార్చుకున్నాను.

ఏ సెట్టింగుతోనూ తీరనిది కామా. ఇంటిపేరు, కామా, పేరు అనే వరసలో కొటేషన్ గుర్తులు లేకుండా రాస్తే, ఈమెయిలు నియమాల ప్రకారం ఆ కామా రెండు చిరునామాలను విడదీసే గుర్తు అవుతుంది. ఆ నియమాలను చెప్పే ఆర్ఎఫ్‌సీ అనే పత్రాల్లో 1982 నాటి 822 లోనూ అంతే, 2008 నాటి 5322 లోనూ అంతే. ఇనిషియల్ పక్కన పెట్టే చుక్కకు కూడా కొటేషన్ గుర్తులు ఉండాలనే ఆంక్ష 1982లో ఉండేది కానీ, 2001లో వచ్చిన 2822 నుంచి అలాంటి పేర్లనూ పాత వాడుకగా అంగీకరించి చదవమన్నారు. అందుకే కొత్త బ్యాచి వచ్చిన మొదటి వారంలో నేను పిల్లలకు ఒక్కటే చెబుతున్నాను: మీ పేరు మీకు నచ్చినట్లు, ఒక్క మాటగానైనా సరే, తెలుగులోనైనా సరే, రాసుకోండి, కామా మాత్రం పెట్టకండి.