ఆర్మర్ బ్రేకేజ్ హౌస్ రూల్స్ కిట్ కొనబోతున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

తిరుపతి, చిత్తూరు వైపు డంజియన్స్ అండ్ డ్రాగన్స్ (డైస్ వేస్తూ వీరుల పాత్రల్లో ఆడే ఆట) ఆడేవాళ్లంతా జాగ్రత్త. ఆర్మర్ (కవచం), ఆయుధాలు విరిగిపోయే హౌస్ రూల్స్ (అసలు ఆటకు మనం అదనంగా చేర్చుకునే రూల్స్) కిట్ అని ఆన్‌లైన్‌లో ఒకతను అమ్ముతున్నాడు. స్పైరల్ బైండింగ్ పుస్తకం, కొన్ని కార్డులు, ధర రూ. 749. క్యాష్ ఆన్ డెలివరీ లేదు, ముందే యూపీఐ చేయాలి. బాలాజీ కాలనీలో మేం ఆడే గ్రూపు కోసం తెప్పించాను. డబ్బు దండగ.

కార్డులు ల్యామినేషన్ చేసినవి, మార్కర్‌తో రాసి తుడిచేయొచ్చు అన్నాడు. వచ్చినవి మామూలు అట్ట మీద కలర్ జిరాక్సులు. రాసింది పోదు, తడిగుడ్డ పెడితే రంగు లేచొస్తోంది. అంతటితో అయితే ఊరుకునేవాణ్ణి. అసలు నష్టం రూల్స్‌లో ఉంది.

దాడి డైస్‌లో 1 పడితే ఆయుధం విరిగిపోతుందట. ఇరవై ముఖాల డైస్‌లో 1 పడే అవకాశం నూటికి 5. ఫైటర్ (ఆయుధంతో పోరాడే పాత్ర) ఐదో లెవెల్ నుంచి రౌండుకు రెండుసార్లు కొడతాడు కాబట్టి ఒక్క రౌండులో కత్తి పోయే అవకాశం దాదాపు నూటికి 10. పదకొండో లెవెల్లో మూడు దెబ్బలు, అంటే నూటికి 14. చేయి తిరిగిన వీరుడి కత్తే ఎక్కువ విరుగుతుందన్నమాట! అదే ఫైర్‌బాల్ అనే నిప్పు మంత్రం వేసే విజార్డ్ (మాంత్రికుడు) అసలు దాడి డైసే వేయడు, సేవింగ్ త్రో (దెబ్బ తప్పించుకునే డైస్) వేసుకోవాల్సింది ఎదుటివాళ్లే. అతనికి నష్టం సున్నా. మా గ్రూపులో ఫైటర్‌గా ఆడే తమ్ముడు ఒకే పోరాటంలో రెండు ఆయుధాలు పోగొట్టుకుని, క్యారెక్టర్ షీట్‌లో కొట్టేసిన గీతలు చూపిస్తూ "అన్నా, నేను కూడా విజార్డ్ తీసుకుంటా" అన్నాడు. ఎంతో ఇష్టపడి చేసుకున్న క్యారెక్టర్ అది. నాకు చాలా బాధేసింది.

రిపేర్ గురించి ఒక్క ముక్క లేదు. ఆటలో ప్లేట్ ఆర్మర్ (ఒళ్లంతా కప్పే లోహ కవచం) ధర 1500 బంగారు నాణేలు. దాని ఏసీ (ఆర్మర్ క్లాస్, దెబ్బ తగలకుండా కాపాడే అంకె) ఒకటి తగ్గితే బాగుచేయడానికి ఎంతవుతుంది, ఎన్నాళ్లు పడుతుంది? మెండింగ్ మంత్రం అడుగు లోపు విరుపును ఒక్క నిమిషంలో అతికిస్తుంది కదా, మరి విరిగిన కత్తికి అది పనిచేస్తుందా? ఏ టేబుల్ మీదైనా మొదట వచ్చే ప్రశ్న ఇదే. పుస్తకమంతా వెతికినా జవాబు దొరకలేదు.

బాగున్న పేజీ ఒక్కటే, ఇనుమును తుప్పు పట్టించే రస్ట్ మాన్‌స్టర్‌ది. మంత్రశక్తి లేని ఇనుప కవచాన్ని అది తాకినప్పుడు తప్పించుకోలేకపోతే ఏసీ ఒకటి తగ్గి, 10కి చేరితే కవచం నాశనం. కానీ అది అతను రాసింది కాదు. ఐదో ఎడిషన్ ఎస్‌ఆర్‌డీ అనే ఆట మూల రూల్స్ పత్రం నుంచి మక్కీకి మక్కీ దించేశాడు. 2023 జనవరిలో దాన్ని క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద అందరికీ ఫ్రీగా ఇచ్చేశారు. అందులోది వాడి అమ్ముకోవచ్చు కూడా, కాకపోతే మూలం చెప్పాలి. ఇతను ఎక్కడా చెప్పలేదు.

సామాను పాడయ్యే రూల్స్ నాకూ ఇష్టమే. అందుకు డబ్బు పెట్టక్కర్లేదు. పాత్‌ఫైండర్ అనే ఇలాంటిదే ఇంకో ఆట రెండో ఎడిషన్ చూడండి, ఆ రూల్స్ నెట్‌లో అధికారికంగానే ఫ్రీ. ఉక్కు డాలుకు హార్డ్‌నెస్ (ప్రతి దెబ్బలో ఆపేది) 5, హిట్ పాయింట్లు (తట్టుకోగల మొత్తం దెబ్బ) 20, అవి 10కి దిగితే విరిగినట్టు లెక్క. దెబ్బకు డాలు అడ్డం పెట్టాలా వద్దా అనేది ఆడేవాళ్లే తేల్చుకుంటారు కాబట్టి విరిగినా అన్యాయం అనిపించదు. మేమిప్పుడు కిట్ పక్కన పెట్టేసి, పెద్ద దెబ్బ పడినప్పుడు డాలును వదులుకుని తప్పించుకునే పాత పద్ధతి పెట్టుకున్నాం. తమ్ముడు మళ్లీ ఫైటర్‌గానే ఆడుతున్నాడు.

రిఫండ్ అడిగితే "కంటెంట్ చదివేశారు కాబట్టి వాపసు లేదు" అని మెసేజ్ పెట్టి నంబర్ బ్లాక్ చేశాడు. నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. ఇప్పటికే కట్టేసినవాళ్లు యూపీఐ రసీదు, చాట్ స్క్రీన్‌షాట్లు దాచుకోండి, పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి. ఇంకా కట్టనివాళ్లు రిపేర్ రూల్స్ ఉన్న పేజీ ఫోటో పంపమని అడగండి. నా కాపీ పారేయలేదు, కొనే ముందు చూడాలనుకుంటే మెసేజ్ పెట్టండి, చూపిస్తాను.