బాల్కనీ రెండో వరుస, నడిమి సీటు: నల్లగొండ, పాలమూరు టాకీసుల మీద సమీక్ష

హాల్లోకి పోగానే, లైట్లు ఆరకముందే ఒక పని చేయండి. కుడి చెయ్యి ముందుకు చాపి, పిడికిలి బిగించి, ఒక కన్ను మూసుకొని తెరను ఈ చివర నుంచి ఆ చివర దాకా కొలవండి. చాపిన చేతి పిడికిలి కంటికి సుమారు పది డిగ్రీల వెడల్పు ఉంటుంది. తెర మూడు నుంచి నాలుగు పిడికిళ్లు వస్తే సీటు సరైనదే. రెండున్నరకు తగ్గిందంటే మరీ వెనక కూర్చున్నట్టు. ఐదు దాటితే ఆ మూల నుంచి ఈ మూలకు మెడ తిప్పుతూనే ఉండాలి.

ఇదే కొలత ఇంటికొచ్చి వేయండి. పది అడుగుల దూరంలో ఉన్న 43 అంగుళాల టీవీ రెండు పిడికిళ్లకు కూడా రాదు. 55 అంగుళాలదైనా రెండుంబావు దగ్గర ఆగుతుంది. పైగా మన పెద్ద సినిమాలు చాలావరకు స్కోప్‌లో వస్తాయి, అంటే ఎత్తు ఒకటైతే వెడల్పు 2.39. టీవీలో పైనా కిందా నల్ల పట్టీలు పోగా బొమ్మకు మిగిలేది నాలుగింట మూడు వంతులే.

నల్లగొండ, మిర్యాలగూడ, జడ్చర్ల, మహబూబ్‌నగర్ వైపు టాకీసుల్లో ఏళ్ల తరబడి అన్ని క్లాసుల్లో, అన్ని ఆటల్లో కూర్చుని చూశాక రాస్తున్న సమీక్ష ఇది. ఓ నెల ఓపిక పడితే అదే సినిమా ఫోన్లోకి వస్తున్నా జనం ఇంకా బుకింగ్ కాడ నిలబడుతున్నారంటే కారణం పాత అలవాటొక్కటే అనుకోవద్దు. ఇంటి గోడ మీద పట్టనంత బొమ్మ, రొమ్ముకు తగిలే సౌండు, చుట్టూ జనం. ఈ మూడూ కుదిరిన హాల్లో పెట్టిన పైసలకు పూర్తి ఫలం దక్కుతుంది. మొదటి రెండూ సగం హాలు వాళ్ల చేతిలో, సగం మన సీటు చేతిలో ఉంటాయి.

ముందు సీటు సంగతి చూద్దాం. తెర వెడల్పు 40 అడుగులుంటే, తెర నుంచి 60 నుంచి 75 అడుగుల మధ్య ఉన్న వరుసలు మంచివి. మన పాత ఒంటి తెర హాళ్లలో ఆ కొలత ఎక్కువగా బాల్కనీ మొదటి వరుసల దగ్గర పడుతుంది. అయితే బాల్కనీలో మొదటి వరుస తీసుకోవద్దు. పిట్టగోడ మీది ఇనుప పైపు తెర కింది అంచుకు అడ్డమొస్తుంది, కింద పడే అక్షరాలు సగం కనపడవు, ఆట మొదలయ్యాక వచ్చేవాళ్లంతా మీ మోకాళ్ల ముందు నుంచే పోతారు. రెండో వరుస లేదా మూడో వరుస, నడిమికి రెండు మూడు సీట్లు అటూ ఇటూ, ఇదే మేలైన చోటు. బాల్కనీ దొరకకపోతే కింద, బాల్కనీ కప్పు నీడ ఎక్కడ ముగుస్తుందో దానికి ఒక వరుస ముందు కూర్చోండి. ఆ కప్పు కింద చివరి నాలుగైదు వరుసలు మాత్రం వద్దు. అక్కడ పై స్పీకర్ల సౌండు రాదు, బేస్ వెనక గోడకు కొట్టుకొని గుమ్మని మోగినట్టు ఉంటుంది. అదే ధరకు అదే క్లాసులో ఇంత తేడా ఉంటుందని చాలామంది గమనించరు.

వెలుతురు పరీక్ష ఇంకా తేలిక. సినిమాకు ముందు సెన్సార్ సర్టిఫికెట్ పడుతుంది కదా, అది తెల్ల కాగితం. ఆ కాసేపట్లోనే హాలు ఆరోగ్యం మొత్తం తెలిసిపోతుంది. కాగితం పాలలాగా తెల్లగా ఉండాలి. పసుపు తిరిగి, చాయ్ మరక పట్టినట్టు ఉంటే ప్రొజెక్టర్ ల్యాంపు ముసలిదైందని లెక్క. నడిమి వెలిగి నాలుగు మూలలూ మసకబారితే అద్దాల అమరిక తప్పిందన్నా అనుకోవాలి, త్రీడీ కోసం వేసిన వెండి పూత తెర అన్నా అనుకోవాలి. ఆ పూత తెర ఎదురుగా కూర్చున్నవాళ్లకు ధగధగ మెరుస్తుంది, పక్క సీట్లకు చీకటి పంచుతుంది. అక్షరాల అంచులు ఒకవైపు పదునుగా, ఇంకోవైపు అలికినట్టు ఉంటే ఫోకస్ పోయినట్టు. కాగితం అంచులు కింద వెడల్పు, పైన ఇరుకుగా కనిపిస్తే ప్రొజెక్టర్ ఉండే క్యాబిన్ మరీ ఎత్తులో ఉందని అర్థం.

డిజిటల్ సినిమాకు పెట్టుకున్న ప్రమాణం ప్రకారం తెర నడిమిన 14 ఫుట్‌ల్యాంబర్ట్‌ల (తెర వెలుతురును కొలిచే లెక్క) వెలుతురు ఉండాలి. ప్రొజెక్టర్లో వెలిగే జీనాన్ ల్యాంపు రకాన్ని బట్టి 500 నుంచి 2,000 గంటల దాకా పనిచేస్తుంది. రోజుకు నాలుగాటలంటే పన్నెండు గంటలు, అంటే కొన్ని ల్యాంపులకు రెండు నెలలు తిరగకుండానే గడువు తీరుతుంది. కొత్తది ఖరీదైన వస్తువు కాబట్టి కొన్నిచోట్ల గడువు దాటినా వెలిగిస్తూనే ఉంటారు. చీకటి సీన్లున్న సినిమా అట్లాంటి హాల్లో చూస్తే రాత్రి ఫైటులో ఎవరు ఎవర్ని కొట్టారో తెలియదు. ఇంకో తప్పు కూడా జరుగుతుంది. త్రీడీ సినిమా తీసేశాక లెన్సు ముందరి అద్దం తీయకుండా మామూలు సినిమా వేస్తారు, సగం వెలుతురు అక్కడే పోతుంది. ఆపరేటర్‌కు చెబితే రెండు నిమిషాల పని. లేజర్ ప్రొజెక్టర్లకు ల్యాంపు మార్చే బాధ లేదు, 20,000 గంటలకు పైగా వస్తాయి. అందుకే రెండు హాళ్లలో ఒకే సినిమా ఆడుతుంటే లేజర్ బోర్డు ఉన్నచోటికే పోండి.

సౌండు విషయానికి వస్తే, మాటలు తెర వెనక నడిమి స్పీకర్ నుంచి వస్తాయి. తెర నిండా సన్నటి రంధ్రాలుంటాయి, దగ్గరికి పోయి చూస్తే జల్లెడలా ఉంటుంది. సౌండు ఆ రంధ్రాల గుండానే వస్తుంది కాబట్టి మాట మనిషి నోట్లోంచే వచ్చినట్టు ఉంటుంది. చాలా టీవీల్లో మాట కింది అంచు నుంచో వెనక నుంచో వస్తుంది తప్ప ముఖంలోంచి రాదు. బేస్ స్పీకర్ పని వేరు, దాన్ని చెవికంటే ముందు సీటు పట్టుకుంటుంది. డప్పు దెబ్బ పడితే రెక్సిన్ కుర్చీ చేతి మీద పెట్టిన వేళ్లకు తెలియాలి. అపార్ట్‌మెంటులో అంత సౌండు పెడితే పక్కింటి వాళ్లు తలుపు కొడతారు.

ఏ స్పీకర్ పోయిందో చెప్పడం నేర్చుకుంటే ఫిర్యాదు పని చేస్తుంది. పాట గట్టిగా, మాట సన్నగా వస్తే నడిమి స్పీకర్ దెబ్బతింది. వాన సీనులో ఒక పక్కే చినుకులు పడుతుంటే రెండో పక్క గోడ స్పీకర్లు ఆగిపోయినట్టు. గట్టి మాటల్లో బరబరమని కాగితం చిరిగినట్టు వస్తే స్పీకర్ కోన్ చిరిగింది. జిల్లా కేంద్రంలోని ఒక హాల్లో ఎడమ పక్క స్పీకర్లు చాలాకాలం మూగగానే ఉన్నాయి, ఎందుకంటే వచ్చినవాళ్లంతా ‘సౌండు బాలేదు’ అని పోయారే తప్ప ‘ఎడమ పక్క రావడం లేదు’ అని ఎవరూ చెప్పలేదు. చెప్పేదేదో మొదటి పది నిమిషాల్లో గేటు దగ్గరి మనిషికి చెప్పండి. ఇంటర్వెల్ దాకా ఆగితే సగం సినిమా పోయినట్టే.

మాట, పెదవి కలవడం లేదనిపించినా ముందు మీ వరుస చూసుకోండి. సౌండు సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. తెరకు 30 మీటర్ల దూరంలో ఉంటే మాట సెకనులో పదకొండో వంతు ఆలస్యంగా చేరుతుంది, సెకనుకు 24 ఫ్రేముల (బొమ్మల) లెక్కలో అది రెండు ఫ్రేములు. హాలు నడిమిన కూర్చున్నా తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తేనే మెషిన్లో అమరిక తప్పింది. ‘అట్మాస్’ బోర్డు చూసి ఎక్కువ పెట్టేవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. హాల్లో పైకప్పు స్పీకర్లు ఉండటం ఒక్కటే చాలదు, సినిమా కూడా అట్మాస్‌లో కలిపినదై ఉండాలి. మామూలు 5.1 (ఐదు చానెళ్లు, ఒక బేస్) సినిమా ఆ హాల్లో 5.1 లాగానే వినిపిస్తుంది.

ఖాళీ హాల్లో మాటలు గుంజినట్టు, గిన్నెలో మాట్లాడినట్టు వినపడితే స్పీకర్లను తిట్టకండి. నున్నటి గోడలకు తగిలి తిరిగొచ్చే సౌండును మనుషుల ఒళ్లు, బట్టలు పీల్చుకుంటాయి. అదే హాలు నిండితే అదే మాట స్పష్టంగా వస్తుంది. జనం ఉంటే సినిమా బాగుంటుంది అనే పాత మాటలో ఇంత లెక్క ఉంది.

జనం సంగతికి వచ్చాం కాబట్టి అసలు కారణం చెప్పాలి. మన సినిమాలు నిండు హాలును మనసులో పెట్టుకొని కోసినవి. హీరో మొదట కనపడగానే బొమ్మ నెమ్మదిస్తుంది, నడక సాగుతుంది, గట్టి మాట పడ్డాక మూడు నాలుగు సెకన్లు ఎవరూ ఏమీ అనరు. ఇంట్లో చూస్తే ఆ ఖాళీ సాగదీతలా అనిపించి వేలు ముందుకు జరపడానికి పోతుంది. అది ఈలల కోసం వదిలిన జాగా. రెండో రోజు మ్యాటినీలో చూడండి, ముందు వరుసల్లో మొదలైన ఈల బాల్కనీకి చేరి చల్లబడేసరికి సరిగ్గా తర్వాతి మాట వస్తుంది. కామెడీ కూడా అంతే. ఒక మూల ఎవరో ఆపుకోలేక నవ్వితే ఆ నవ్వుకు ఇంకో నలుగురు నవ్వుతారు. ఏడుపు సీనులో మాత్రం ఎవరూ ఎవరివైపూ చూడరు, చీకట్లో ముక్కు చీదిన చప్పుళ్లు వినపడతాయి. ఇంట్లో పిల్లల ముందు కన్నీళ్లు పెట్టుకోవడానికి మొగమాటపడే పెద్దమనిషి కూడా అక్కడ నిశ్చింతగా ఏడుస్తాడు. ఈ ఒక్కటి ఎంత పెద్ద టీవీ కొన్నా రాదు. ఆపడానికి రిమోట్ లేకపోవడం కూడా మేలే, రెండున్నర గంటలు కథ మన కంటే ముందు నడుస్తుంది.

అందుకని మాట వినాలనుకునేవాళ్లు మొదటి రోజు పోవద్దు. మొదటి రోజు పండుగ వేరు, కాగితాలు ఎగురుతాయి, సగం మాటలు వినపడవు. ఆదివారం ఫస్ట్ షో, లేదా రెండో వారం శనివారం నా లెక్కలో బంగారం లాంటి ఆటలు. పండుగ చేసేవాళ్లకు ఒక విన్నపం. చిల్లర పైసలు తెర మీదికి విసరకండి, తెర దగ్గర బాంబులు కాల్చకండి. రంధ్రాల తెరకు చిరుగు పడితే కనపడకుండా అతికించలేరు, ఆ మచ్చ హీరో ముఖం మీద ఏళ్ల తరబడి ఉంటుంది.

విడుదల రోజు ఉదయం ఆట ఆలస్యమైతే గేటు మనిషి మీద అరిచి లాభం లేదు. సినిమా తాళం వేసి వస్తుంది. ఏ హాలు, ఏ మెషిన్, ఏ తేదీ నుంచి ఏ గంట దాకా అని రాసిన తాళంచెవి విడిగా పంపిస్తారు. అది చేరకపోతే సినిమా హాల్లోనే ఉన్నా తెరుచుకోదు. అయితే ఈ పద్ధతి వల్లే రీలు డబ్బాల కోసం ఎదురుచూసే రోజులు పోయి, హైదరాబాద్‌లో పడిన పూటే దేవరకొండలోనూ బొమ్మ పడుతోంది.

ధర గురించి. 2021 డిసెంబర్ ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం తెలంగాణలో ఏసీ ఒంటి తెర హాళ్లలో టికెట్ 50 నుంచి 150 రూపాయలు, మల్టీప్లెక్సుల్లో 100 నుంచి 250, పన్ను అదనం. పెద్ద సినిమాలకు మొదటి రోజుల్లో విడి ఉత్తర్వుతో పెంచిన సందర్భాలున్నాయి. 2025 సెప్టెంబర్ 22 నుంచి 100 రూపాయల దాకా టికెట్‌పై జీఎస్టీ 5 శాతం, ఆపైన 18 శాతం. అందుకే 150 టికెట్ 177 అవుతుంది, 250 టికెట్ 295 అవుతుంది, 100 టికెట్ మాత్రం 105 దగ్గర ఆగుతుంది. ఆన్‌లైన్‌లో కొంటే ప్రతి టికెట్‌కు రుసుము విడిగా పడుతుంది. మామూలు రోజుల్లో బుకింగ్ కాడ కొంటే నలుగురికి ఇంటర్వెల్ ఖర్చు మిగులుతుంది. మహబూబ్‌నగర్‌లో 2021 సెప్టెంబర్ 24న ఏవీడీ సినిమాస్ తెరిచాక మల్టీప్లెక్స్ కోసం నూరు కిలోమీటర్లు హైదరాబాద్ పోయే పని పాలమూరు వాళ్లకు తప్పింది.

బయటి తిండి ఆపే హక్కు హాలుకు ఉందని 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. తాగునీళ్లు మాత్రం ఉచితంగా ఇవ్వాలి, పసిపిల్లల తిండిని అడ్డుకోకూడదు. ఒంటి తెర హాళ్లలో వేడి ఉల్లి సమోసాలు ఇంటర్వెల్ పడిన నిమిషంలోనే అయిపోతాయి, లైట్లు వెలగకముందే ఒకరు లేవాలి. మే నెలలో నల్లగొండ ఎండ 45 డిగ్రీల దాకా పోయినప్పుడు మ్యాటినీకి సగం మంది చల్లదనం కోసమే వస్తారు. ఇంటర్వెల్ తర్వాత ఏసీ ఆపేసే హాళ్లున్నాయి. గాలి ఆగి, వెనక మెడకు చెమట మొదలైతే అప్పుడే లేచి చెప్పండి.

ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు టికెట్ కొనేముందు నిడివి చూసుకోవాలి. 165 నిమిషాల సినిమా, ప్రకటనలకు పది, ఇంటర్వెల్‌కు పదిహేను, అంతా మూడు గంటల పది నిమిషాలు. ఆరున్నర ఆట వదిలేసరికి తొమ్మిది నలభై. బస్టాండుకు నడిచేసరికి పది. మీ ఊరి ఆఖరి బస్సు అంతకంటే ముందే ఉంటే మ్యాటినీకి రండి.