అనంతపురం ఎండల్లో లెదర్ కండిషనర్: ఏళ్ల తరబడి వాడాక

ఆఫీసు బ్యాగుకు, బెల్టుకు, పర్సుకు, మా నాన్న తోలు చెప్పులకు కొన్నేళ్లుగా తేనెమైనం కలిసిన పేస్టు కండిషనర్ ఒకటే వాడుతున్నాను. పని చేస్తుంది. డబ్బా మీద రాసినంత మాత్రం కాదు.

అనంతపురంలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్లకు అటూఇటూ. కాబట్టి బూజు గొడవ తక్కువ, ఎండా దుమ్ముతోనే చిక్కంతా. ఏప్రిల్, మే నెలల్లో రోజూ బండి మీద తిరిగిన బ్యాగును చూడండి: పట్టీ మడతపడే చోట, బకిల్ కింద సన్నటి తెల్లగీతలు కనిపిస్తాయి, వంచితే బిర్రుగా ఉంటుంది. అక్కడ బఠాణీ గింజంత పేస్టు రుద్ది రాత్రంతా వదిలేసి, పొద్దున పొడిగుడ్డతో తుడిస్తే పట్టీ మెత్తగా వంగుతుంది. గోటి గీతలు కూడా చాలావరకు కలిసిపోతాయి. లోతుగా పగిలిన తోలు మాత్రం ఏం రాసినా అతుక్కోదు.

అసలు పనంతా ముందు తుడవడంలోనే ఉంది. కుట్ల సందుల్లో దుమ్మును పాత టూత్‌బ్రష్‌తో దులిపి, గట్టిగా పిండిన తడిగుడ్డతో తుడిచి, నీడలో ఆరనివ్వాలి. బట్టల సబ్బు జోలికి పోవద్దు, అందులోని క్షారం తోలును ఎండబెట్టేస్తుంది.

"కొబ్బరినూనె ఉండంగ ఇదంతా ఎందుకురా" అంటారు మా నాన్న. ఆయన చెప్పులు నూనెతో మెత్తబడిన మాట నిజమే. నల్లబడ్డాయి, వీధిలోని దుమ్మంతా వాటికే అంటుకుంటుంది. లేత రంగు పర్సుకు ఆ వైద్యం వద్దు. ఆ మాటకొస్తే కండిషనర్ కూడా రంగును కాస్త ముదురు చేస్తుంది, ముందు ఓ మూల రాసి చూసుకోండి. స్వెడ్‌కు, అంటే నూగులా మెత్తగా ఉండే తోలుకు, అసలే వద్దు. పొట్టు లేచే రెక్సిన్ సోఫాకు రాసినా దండగే.

ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట నుంచి తెచ్చుకున్న తోలు ల్యాంప్‌షేడ్ ఇంట్లో ఉంటే దానికీ ఇది రాయకండి. అది బ్యాగుల్లా ఊనిన (టానింగ్ చేసిన) తోలు కాదు. మేకతోలును పలచగా, వెలుగు దాటేలా చేసి రంగులద్దుతారు. పొడిగుడ్డ చాలు, తడి తగిలితే వంకర పోతుంది.

ధర కాస్త ఎక్కువే కానీ డబ్బా ఓ పట్టాన అయిపోదు. ఎండాకాలం నూనె పైకి తేలితే కలిపి వాడుకోవచ్చు. ఐదుకు నాలుగు ఇస్తాను. ఆ ఒక్క మార్కూ వాసనకు కోసేశాను, రాసిన మర్నాడు పర్సులో నోట్లు కూడా అదే వాసన కొడతాయి.