ఐసీయూ మంచానికి గోడ ప్యానెలా, సీలింగ్ పెండెంటా: ఏది మేలు?

ఆక్సిజన్, సక్షన్ (కఫం లాంటివి లాగేసే ఏర్పాటు), కరెంటు ఐసీయూ మంచం దాకా రెండు విధాలుగా వస్తాయి: గోడకు బిగించే బెడ్ హెడ్ ప్యానెల్, స్లాబుకు వేలాడుతూ చేయిలా అటూ ఇటూ తిరిగే పెండెంట్. చాలామంది ధర దగ్గరే తేల్చేస్తారు. ముందు చూడాల్సింది తలవైపు ఖాళీ.

గొంతులో ట్యూబు వేయాలంటే డాక్టరు రోగి తల వెనక నిలబడాలి. ప్యానెల్ ఉన్నచోట మంచాన్ని సాధారణంగా గోడకు ఆనించేస్తారు. అత్యవసరంలో ముందుకు లాగితే వెంటిలేటర్ గొట్టం ఊడొచ్చు, మెడలోని సెంట్రల్ లైన్ (పెద్ద రక్తనాళంలో పెట్టిన గొట్టం) బయటికి రావొచ్చు. పెండెంట్ అయితే మంచం చుట్టూ తిరగొచ్చు. నేలమీద వైర్లుండవు, డయాలసిస్ మెషీన్ తేవడం తేలిక.

దాని తిప్పలన్నీ పైనే. మోసేది ఫాల్స్ సీలింగ్ కాదు, స్లాబు. పెండెంట్ చేయి చాచినప్పుడు బరువు పక్కకు గుంజుతుంది కాబట్టి స్ట్రక్చరల్ ఇంజనీరుకు కిలోలతో పాటు చేయి పొడవూ చెప్పాలి. ఏసీ డక్టు, కర్టెన్ రాడ్డు ఉన్న డ్రాయింగు మీదే చేయి తిరిగే వృత్తం గీయించండి. గీయకపోతే తర్వాత కర్టెన్ మూసుకోదు! లోపలి హోసులు పాతబడి లీకవుతాయి, బ్రేకు వదులైతే చేయి దానంతటదే జరుగుతుంది. సర్వీసు మనిషి అందుబాటులో లేని ఊళ్లో పెండెంట్ వద్దనే అంటాం.

కొత్త కట్టడం, మంచి ఎత్తు, సర్వీసు ఒప్పందం ఉంటే పెండెంటే మేలు. పాత భవనంలో ప్యానెలే, కానీ మంచాన్ని గోడకు రెండున్నర అడుగుల దూరంలో ఆపేలా నేలమీద స్టాపర్ పెట్టాలి. మోటారు మంచం పైకి లేస్తూ ప్యానెల్ మీది ఫ్లోమీటరును (ఆక్సిజన్ ప్రవాహం కొలిచేది) విరగ్గొట్టడం మామూలే; ఈ స్టాపర్ దాన్నీ ఆపుతుంది. ఔట్‌లెట్లు రెండు వైపులా పంచాలి. మంచానికి 12 నుంచి 16 ప్లగ్గులు కావాలి, అన్నీ ఒకే ఎంసీబీ (షార్టయితే కరెంటు ఆపే స్విచ్చు) మీద వద్దు. మందు ఎక్కించే ఒక పంపు షార్టయితే వెంటిలేటరుకూ కరెంటు పోతుంది.

ఏది పెట్టినా పైపు లెక్క మారదు. హై ఫ్లో (ముక్కు గొట్టాలతో వేగంగా ఆక్సిజన్ ఇచ్చే పరికరం) పెట్టిన ఒక్క రోగి నిమిషానికి 60 లీటర్ల దాకా ఆక్సిజన్ లాగగలడు, పది మంచాలకు 600. అన్ని ఔట్‌లెట్లూ ఒకేసారి తెరిచి ప్రెషర్ పడిపోతుందేమో చూడండి. తర్వాత ఒక్కోదానికీ ఆక్సిజన్ ఎనలైజర్ (ఆక్సిజన్ శాతం చూపే మీటరు) పెట్టి చూడండి. గోడ వెనక ఆక్సిజన్, ఎయిర్ పైపులు తారుమారైతే బయటి రంగు లేబుళ్లు ఆ సంగతి చెప్పవు.